అమ్మానాన్నల 25వ పెళ్లిరోజు: ఎక్కడికి పంపాలి? ఊరు పేరు చివర్లో చూద్దాం

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా అమ్మానాన్నలది 25వ పెళ్లిరోజు వస్తోంది. నాకు ఇప్పుడే జాబ్ వచ్చింది. వాళ్లను ఎక్కడికైనా పంపిద్దామనుకుంటున్నా. మంచి ప్లేస్ ఒకటి చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అరకు అనో, కేరళ అనో, కాశీ అనో. కానీ నేను అట్ల చెప్పను. మీ నాన్నకు మోకాళ్ల నొప్పులున్నాయా, మీ అమ్మకు రైలు ఇష్టమా కారు ఇష్టమా, పెళ్లిరోజు మే నెలలో వస్తుందా ఆగస్టులో వస్తుందా, నాకు తెలీదు గదా. అవి తెలియకుండా ఊరు పేరు చెప్తే, డాక్టర్ మనిషిని చూడకుండానే మందులు రాసిచ్చినట్టే ఉంటది.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేశానని మీకు తెలుసు. అక్కడ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకో, తర్వాత కోడ్ ముట్టుకో. ఏం కావాలో అడగకుండా మొదలుపెడితే, చివరికి ప్రోగ్రామ్ బాగానే నడుస్తది, కానీ వాళ్లు అడిగింది అది కాదు. ఈ ట్రిప్ విషయంలోనూ మనం చేసేది అదే. ఫోన్ తీసి "బెస్ట్ ప్లేసెస్ ఫర్ కపుల్స్" అని కొడతాం. వచ్చేవన్నీ ఇరవై ఐదేళ్ల జంటల రీల్స్. మనం పంపేది ఇరవై ఐదేళ్లు కాపురం చేసిన జంటను. ఇద్దరికీ చాలా తేడా ఉంది.

అందుకే ఈ ఎపిసోడ్‌లో నాలుగు ప్రశ్నలు. కోరిక ఏంటి, తేదీ ఎప్పుడు, ఒంట్లో ఓపిక ఎంత, చేతిలో డబ్బు ఎంత. ఈ నాలుగింటికీ జవాబు రాసుకుంటే ఊరు పేరు దానంతట అదే బయటికొస్తది. తర్వాత మన వరంగల్ నుంచి ఎక్కడెక్కడికి ఎట్లెట్ల వెళ్లొచ్చో కూడా చెప్తా.

మొదటి ప్రశ్న: వాళ్లకు ఏం కావాలి?

ఇది వినడానికి ఈజీగా ఉంటది. అడిగి చూడండి, అప్పుడు తెలుస్తది. "అమ్మా, ఎక్కడికి వెళ్లాలని ఉంది?" అంటే ఏమంటుంది? "నాకెందుకు బిడ్డా, మీరు బాగుంటే చాలు." నాన్నను అడిగితే? "ఇప్పుడు ఖర్చెందుకు, ఆ పైసలు బ్యాంకులో వేసుకో." అయిపోయింది, మీటింగ్ ముగిసింది.

ఇందులో వాళ్ల తప్పేం లేదు. ఒకసారి ఆలోచించండి. ఈ పాతికేళ్లలో వాళ్లు ఇంటి నుంచి బయటికి ఎందుకు వెళ్లారు? చుట్టాల పెళ్లిళ్లు, చావులు, దినాలు. తిరుపతి వెళ్తే పిల్లల పుట్టువెంట్రుకల కోసం. హైదరాబాద్ వెళ్తే హాస్పిటల్‌కో, మీ కౌన్సెలింగ్‌కో. ఇద్దరే కలిసి, పనేం లేకుండా, ఊరికే చూడ్డానికి ఎక్కడికైనా వెళ్లారా? చాలా ఇళ్లలో ఒక్కసారి కూడా లేదు. "నీకు ఏం కావాలి" అని ఎవరూ అడగని మనిషి, అడగ్గానే టక్కున చెప్పలేదు.

కాబట్టి పెద్ద ప్రశ్న అడగొద్దు, చిన్నవి అడగండి. సముద్రమా, కొండలా? రాత్రి రైలా, పగటి రైలా? గుడి ఒక్కటే చాలా, గుడితో పాటు ఇంకేమైనా చూడాలా? పెళ్లైన కొత్తలో ఎక్కడికైనా వెళ్దామనుకొని ఆగిపోయారా? ఇవన్నీ ఒకేరోజు ఇంటర్వ్యూ చేసినట్టు కాదు. కూరగాయలు కోసేటప్పుడు ఒకటి, బండి మీద బజారుకు తీసుకెళ్లేటప్పుడు ఒకటి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇద్దరినీ వేరువేరుగా అడగండి. పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే మన ఇళ్లలో ఏమైతదో తెలుసు. నాన్న ఒక ఊరు పేరు చెప్తాడు, అమ్మ తల ఊపుతుంది. అప్పుడు మీకు వచ్చింది ఒక్కరి జవాబే.

మా ఇంట్లో సంగతి చెప్తా. మా వాళ్ల 30వ పెళ్లిరోజుకు ముందు అమ్మను వంటింట్లో అడిగా. చాలాసేపు "ఏం వద్దు" అంది. చివరికి ఒక మాట చెప్పింది: "రైలెక్కితే టిఫిన్ డబ్బా కట్టకుండా ఎక్కాలి. దిగినాక ఎవరికీ అన్నం పెట్టొద్దు." అంతే. ఏ ఊరు పేరూ చెప్పలేదు. కానీ ఆ ఒక్క మాటతో మా లిస్టులో సగం ఊళ్లు ఎగిరిపోయాయి. చుట్టాల ఇల్లున్న ఊరు వద్దు. కిచెన్ ఉన్న కాటేజీ వద్దు. గదికి భోజనం వచ్చే హోటల్ కావాలి. నాన్నను విడిగా అడిగితే, ఆయనకు కావాల్సింది పొద్దున్నే నడవడానికి చదునైన జాగా. ఈ రెండూ కలిపితే విశాఖ ఆర్కే బీచ్ దగ్గర హోటల్ అని తేలింది. మూడు రాత్రులు. ఆ ఊరు ఏ రీల్‌లోనో చూసి ఎంచుకున్నది కాదు, వాళ్ల మాటల్లోంచి వచ్చింది.

రెండో ప్రశ్న: తేదీ

ఇది ఎవరూ పట్టించుకోరు, కానీ ట్రిప్‌ను చెడగొట్టేది ఎక్కువగా ఇదే. మన తెలుగు పెళ్లిళ్లు ఎప్పుడు జరుగుతాయి? ముహూర్తాలు ఉన్నప్పుడు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో మామూలుగా పెళ్లిళ్లు పెట్టుకోరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, ఇట్ల వస్తాయి. క్యాలెండర్‌లో చూస్తే మన అమ్మానాన్నల పెళ్లిరోజులు చాలావరకు ఫిబ్రవరి-మార్చిలోనో, ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకానో, ఆగస్టులోనో, నవంబర్లోనో పడతాయి.

ఇప్పుడు వాతావరణం పక్కన పెట్టి చూడండి. మేలో మన దగ్గర ఎండ ఎట్లుంటదో చెప్పక్కర్లేదు. రామప్ప గుడి ఎంత అందమైనదైనా, మే మధ్యాహ్నం ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడవడం పెద్దవాళ్లకు శిక్షే. ఆగస్టులో అయితే వానలు. కేరళలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం. అరకు పచ్చగా ఉంటది కానీ ఘాట్‌లో కొండచరియలు పడే రోజులు కూడా అవే. గోదావరి వరద మీద ఉంటది.

గోదావరి అన్నాక ఒక విషయం చెప్పకుండా ఉండలేను. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూపించడానికి వెళ్లిన టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. నది అప్పుడు వరదలో ఉంది. ఆ బోటులో మన కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. మన ఊరివాళ్లకు అది పేపర్లో చదివిన వార్త ఒక్కటే కాదు. పాపికొండలకు వెళ్లొద్దని నేను అనట్లేదు. వరద తగ్గాక, చలికాలంలో, అధికారులు అనుమతిచ్చిన బోటులో, లైఫ్ జాకెట్ వేసుకొని వెళ్లండి. "పెళ్లిరోజు ఆగస్టులోనే గదా, అప్పుడే వెళ్లాలి" అని మాత్రం పట్టుబట్టొద్దు.

నేను చెప్పేదేంటంటే, పెళ్లిరోజు వేరు, ప్రయాణం వేరు. పెళ్లిరోజున ఇంట్లో కేక్ కట్ చేయండి, భద్రకాళి గుడికి వెళ్లిరండి, టికెట్ చేతిలో పెట్టండి. ప్రయాణం మాత్రం వాతావరణం బాగున్నప్పుడు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అయితే మన రెండు రాష్ట్రాల్లో దాదాపు ఎక్కడికైనా వెళ్లొచ్చు.

ఇంకో రెండు లోకల్ విషయాలు. ఒకటి, మేడారం జాతర. రెండేళ్లకోసారి, మాఘ మాసంలో. మాఘంలో పెళ్లైన జంటలు చాలామందే ఉంటారు. జాతర ఏడాదిలో ఆ రోజుల్లో ములుగు రూట్‌లో రామప్ప, లక్నవరం ప్లాన్ చేస్తే, మీ అమ్మానాన్నల పెళ్లిరోజు ట్రాఫిక్‌లోనే గడిచిపోతది. రెండోది, పని సీజన్. మీ నాన్న మిర్చి పండించే రైతు అయినా, ఎనుమాముల మార్కెట్లో వ్యాపారం చేసేవారైనా, మిర్చి వచ్చే నెలల్లో ఆయన్ను అరకు పంపితే మనిషి అరకులో ఉంటాడు, మనసు మార్కెట్ యార్డులో ఉంటది. టీచర్ అయితే పరీక్షల టైమ్ వద్దు. అమ్మ కుట్టుమిషన్ మీద బ్లౌజులు కుడుతుంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఆమెకు ఊపిరాడదు. అమ్మకు కూడా పని సీజన్ ఉంటదని మర్చిపోవద్దు.

గుడికి వెళ్లే ప్రయాణమైతే ఇంకొకటి. అమ్మకు నెలసరి ఇంకా వస్తుంటే, ఆమె పాటించే పద్ధతి ఏదైనా సరే, తేదీ ఫిక్స్ చేసే ముందు ఆమెను అడగండి. అడగడానికి అబ్బాయిలు సిగ్గుపడతారు. సిగ్గుపడి సర్‌ప్రైజ్ టికెట్లు బుక్ చేస్తే, ఆమె బయటికి చెప్పలేదు, లోపల టెన్షన్ పడుతుంది. చెల్లె ఉంటే చెల్లెతో అడిగించండి. లేదా "ఈ మూడు తేదీల్లో నీకు ఏది వీలు?" అని ఆమెకే వదిలేయండి.

మూడో ప్రశ్న: ఒంట్లో ఓపిక

ఇక్కడ నేను ఒక రూల్ పెట్టుకున్నా. ఏ ఊరైనా సరే, మూడు లెక్కలు చూడాలి. ఎన్ని మెట్లు? ఎన్ని గంటలు? ఎంత ఎత్తు?

ఉదాహరణకు కేదార్‌నాథ్. రీల్స్‌లో మస్తుగా కనిపిస్తది. గుడి 3,500 మీటర్లకు పైన ఉంది. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లకు పైగా నడక. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటది. బీపీ, షుగర్, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా బయల్దేరడం మంచిది కాదు. తిరుమల సంగతి చూస్తే, అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. నడిచి వస్తామని మొక్కు ఉంటే అది వాళ్లిష్టం. మొక్కు లేకపోతే బస్సు ఉంది. బొర్రా గుహలు చాలామంది లిస్టులో ఉంటాయి. లోపలికి దిగేటప్పుడు బాగానే ఉంటది, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్లు గుర్తొస్తాయి. అట్లాంటి చోట ఒకరు దిగి చూసొస్తే, ఇంకొకరు పైన కూర్చునే వీలుందా అని ముందే చూడండి.

హోటల్‌కు ఫోన్ చేసి అడగాల్సినవి: లిఫ్ట్ ఉందా? లేకపోతే కింది ఫ్లోర్‌లో రూమ్ ఇస్తారా? వెస్టర్న్ టాయిలెట్ ఉందా? వేడినీళ్లు ఏ టైమ్‌లో వస్తాయి? రాత్రి భోజనం రూమ్‌కు వస్తుందా? ఫొటోలో స్విమ్మింగ్ పూల్ కనిపిస్తది, టాయిలెట్ కనిపించదు. మీ అమ్మకు కావాల్సింది రెండోదే.

రైలు బుక్ చేసేటప్పుడు వయసు కరెక్టుగా కొట్టండి. 45 ఏళ్లు దాటిన మహిళలకు, 60 దాటిన మగవాళ్లకు, ఖాళీ ఉంటే లోయర్ బెర్త్ ఇచ్చేలా రైల్వే సిస్టమ్‌లోనే ఏర్పాటుంది. చాలామంది అమ్మ వయసు అందాజాగా కొట్టేస్తారు. 46 ఉన్న మనిషికి 44 అని కొడితే ఆ సౌకర్యం పోతది. ఐఆర్‌సీటీసీలో "కనీసం ఒక లోయర్ బెర్త్ వస్తేనే బుక్ చేయి" అనే ఆప్షన్ కూడా ఉంది, దాన్ని టిక్ పెట్టండి.

మందులు చేతి సంచిలోనే ఉండాలి, సీటు కింద తోసే సూట్‌కేసులో కాదు. వెళ్లే రోజులకు నాలుగు రోజులు ఎక్కువ కొనండి. మందుల చీటీ ఫొటో మీ ఫోన్లో, వాళ్ల ఫోన్లో రెండింట్లోనూ ఉంచండి.

నాలుగో ప్రశ్న: డబ్బు

ఊరు చూసి బడ్జెట్ వేసుకోవద్దు. ముందు ఒక నంబర్ రాసుకోండి. "ఇంతకు మించి పెట్టను" అని. దాన్ని నాలుగు ముక్కలు చేయండి: రానుపోను టికెట్లు, గది, అక్కడ తిరగడానికి బండి, తిండి. ఈ నాలుగూ కలిపాక అందులో ఐదో వంతు ఇంకా చేతిలో మిగలాలి. జ్వరం రావచ్చు, రైలు లేటవ్వచ్చు, అమ్మకు ఒక చీర నచ్చొచ్చు. ఆ మిగులు లేకపోతే ఊరు మార్చండి, లేదా రోజులు తగ్గించండి.

అప్పు చేసి మాత్రం పంపొద్దు. ఫోన్లో రెండు నిమిషాల్లో లోన్ వస్తది, అది నిజమే. కానీ ఈఎంఐ మీద పంపిన ట్రిప్ సంగతి నాన్నకు తెలిసిందంటే, ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఆయనకు వడ్డీయే గుర్తొస్తది. మీ జీతం చిన్నదైతే చిన్న ట్రిప్ వేయండి. ఒక్కరోజు ప్రయాణమైనా వాళ్లకు నచ్చిందైతే చాలు. ఇంట్లో ఎవరిదైనా ప్రభుత్వ ఉద్యోగమైతే ఎల్‌టీసీ వాడుకునే వీలుందేమో ఆఫీసులో ఒకసారి అడగమనండి.

ఇప్పుడు మోసాల గురించి రెండు మాటలు. "మీకు లక్కీ డ్రాలో ఫ్రీ హాలిడే వచ్చింది, భార్యాభర్తలిద్దరూ ఫలానా హోటల్‌కు వచ్చి గిఫ్ట్ తీసుకోండి" అని ఫోన్ వస్తది. వెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టి, లక్ష రూపాయలకు అటూఇటుగా మెంబర్‌షిప్ అంటగట్టే ప్రయత్నం చేస్తారు. పెళ్లిరోజు దగ్గర పడుతున్న జంటలు దీనికి ఈజీగా దొరుకుతారు. అమ్మానాన్నలకు ముందే చెప్పి పెట్టండి: మనం కొనని టికెట్‌కు లాటరీ తగలదు.

రెండోది, నకిలీ సైట్లు. గది కోసమో, దర్శనం టికెట్ల కోసమో గూగుల్‌లో కొడితే పైన వచ్చే నంబర్ అసలుదే అని నమ్మొద్దు. టీటీడీ సైట్ అడ్రస్ చివర "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉంటది. అది లేకపోతే మూసేయండి. "అడ్వాన్స్ ఫోన్‌పే చేయండి, రూమ్ ఉంచుతాం" అంటే, హోటల్ లాండ్‌లైన్‌కు ఇంకోసారి ఫోన్ చేసి నిర్ధారించుకోండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు ఊళ్లు: వరంగల్ నుంచి

నాలుగు జవాబులూ రాసుకున్నారు గదా. ఇప్పుడు రోజుల లెక్కన చూద్దాం.

ఒక్క రోజే ఉంది, ఖర్చు తక్కువ కావాలి అంటే రామప్ప, లక్నవరం. హనుమకొండ నుంచి రామప్ప 70 కిలోమీటర్ల లోపే. 1213లో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టారు. 2021 జులైలో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. వేరే దేశాల వాళ్లు వచ్చి చూస్తున్నారు, మన ఇళ్లలో ఇప్పటికీ చూడని అమ్మలున్నారు. పొద్దున్నే గుడి చూసుకొని, మధ్యాహ్నానికి లక్నవరం చెరువు. అక్కడ వేలాడే వంతెనలున్నాయి, బోటు ఉంది, టూరిజం వాళ్ల కాటేజీలున్నాయి. రాత్రి అక్కడే ఉంటే ఇంకా బాగుంటది. వంతెన మీద నడిస్తే కొంచెం ఊగుతది, కళ్లు తిరిగేవాళ్లకు ముందే చెప్పండి.

రెండు రోజులుంటే భద్రాచలం. మనకు రోడ్డు మీద నాలుగైదు గంటలు. రైలులో వెళ్తే భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెంలో ఉందని గుర్తుంచుకోండి. అక్కడి నుంచి గుడి ఇంకా 40 కిలోమీటర్లు. స్టేషన్ పేరు చూసి గుడి పక్కనే అనుకుంటే కష్టం. గుడిలో రోజూ సీతారాముల కల్యాణం జరుగుతది. పెళ్లిరోజు కోసం వెళ్లే జంటకు అంతకంటే ఏం కావాలి?

మూడు నాలుగు రోజులుంటే విశాఖ, అరకు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వరంగల్‌లో ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. పగలే వెళ్లాలంటే 2023 నుంచి వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతోంది, కానీ అందులో కూర్చొనే వెళ్లాలి, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. విశాఖ నుంచి అరకుకు పొద్దున రైలు ఉంది, పెద్ద అద్దాల విస్టాడోమ్ బోగీ ఉంటది. దారిలో 50కి పైగా సొరంగాలు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు పెట్టుకుంటే అలసట తగ్గుతది. అరకును ఒక్కరోజులో పరిగెత్తి చూసి రావొద్దు, ఒక రాత్రి ఉండాలి.

తిరుమల వెళ్లాలని ఉంటే, ఈసారి కల్యాణోత్సవం సేవ చూడండి. ఇద్దరికీ కలిపి ఒక టికెట్, వెయ్యి రూపాయలు. దంపతులు కూర్చొని స్వామివారి కల్యాణం చూస్తారు. అమ్మ చీర, నాన్న పంచె కట్టుకోవాలి. దాదాపు మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, చాలా తొందరగా అయిపోతాయి. దీనికి మీలాంటి ఫోన్ పట్టుకొని కూర్చునే పిల్లలే కావాలి. టికెట్ దొరికిన తేదీని బట్టి రైలు బుక్ చేయండి, రైలును బట్టి టికెట్ కాదు.

ఐదారు రోజులుంటే కేరళ. కేరళ ఎక్స్‌ప్రెస్ మన వరంగల్‌లోనే ఆగుతది. ఒక రాత్రి, మరుసటి రోజు పగలు ప్రయాణం. ఎర్నాకులంలో దిగి అలప్పుళ వెళ్తే హౌస్‌బోటు. అందులో వంట వాళ్లే చేసి పెడతారు, అమ్మ వంటింటి వైపు చూడక్కర్లేదు. కొబ్బరి నూనె వాసన పడని వాళ్లుంటే ముందే చెప్పి మార్పించండి.

వారం పైన ఉంటే కాశీ. దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఎక్కాలి, వరంగల్‌లో కాదు. సికింద్రాబాద్ నుంచి ఉత్తరాదికి పోయే బండ్లు కాజీపేట నుంచే పైకి తిరిగిపోతాయి. మొఘల్‌సరాయ్ అని పెద్దవాళ్లు పిలిచే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే అక్కడి నుంచి కాశీ దగ్గరే. భాష రాదని భయపడొద్దు. ఘాట్ల దగ్గర ఆంధ్ర ఆశ్రమం ఉంది, తెలుగు మాట, తెలుగు భోజనం దొరుకుతాయి. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మొక్కుకున్న వాళ్లుంటారు, అది ముందే అడిగి తెలుసుకోండి. సందుల్లోకి బండ్లు రావు, నడక తప్పదు. డిసెంబర్ చివర, జనవరిలో పొగమంచుకు రైళ్లు బాగా లేటవుతాయి, కాబట్టి నవంబర్ లేదా ఫిబ్రవరి మంచిది.

విదేశం పంపాలనుకుంటే ముందు పాస్‌పోర్టు. 36 పేజీలదానికి 1,500 రూపాయల ఫీజు. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉండటం మన అమ్మల విషయంలో చాలా మామూలు. అవి సరిచేయించడానికే నెలలు పడతది. అందుకే టికెట్ల కంటే ఆర్నెల్ల ముందు ఆ పని మొదలుపెట్టండి. విమానం శంషాబాద్ నుంచే కాబట్టి అక్కడికి చేరడానికి సగం పూట లెక్క వేసుకోండి.

ఇద్దరినే పంపాలా, మనమూ వెళ్లాలా?

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. కొంతమందికి పిల్లలు లేకుండా తినడమే నచ్చదు. కానీ ఒక పరీక్ష పెట్టుకోండి: మనం వెళ్తే అమ్మ పని తగ్గుతుందా, పెరుగుతుందా? మనం పొద్దున పదింటికి లేచి, "అమ్మా టవల్ ఎక్కడ" అని అడిగే బ్యాచ్ అయితే, ఇంట్లోనే ఉండి నానమ్మను చూసుకోవడం పెద్ద గిఫ్ట్. చాలా ఇళ్లలో వాళ్లు కదలకపోవడానికి అసలు కారణం అదే: ఇంట్లో ముసలివాళ్లు, పాడి బర్రె, షాపు. టికెట్లు ఎవరైనా కొంటారు. "ఆ నాలుగు రోజులు బర్రె సంగతి నేను చూస్తా" అన్నవాళ్లే నిజంగా ట్రిప్ ఇచ్చినట్టు.

ఇద్దరినే పంపితే, ఫోన్లో మూడు పనులు చేసి పెట్టండి. టికెట్లు, హోటల్ పేరు, బండి డ్రైవర్ నంబర్ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి, ఛార్జింగ్ అయిపోయినా కాగితం పనిచేస్తది. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎట్ల పంపాలో ముందురోజు నేర్పించండి. నాన్న జేబులోనే మొత్తం డబ్బు పెట్టకుండా అమ్మ చేతికి కూడా కొంత ఇవ్వండి. ఆమెకు ఏదైనా కొనుక్కోవాలనిపిస్తే ఎవరినీ అడగాల్సిన అవసరం రాకూడదు.

ఇక టైమ్ లెక్క. 2024 నవంబర్ నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, ఇంతకుముందులా 120 రోజులు కాదు. కాబట్టి మూడు నెలల ముందు అడగడం మొదలుపెట్టండి, 60వ రోజు పొద్దున టికెట్, ఆ వారంలోనే గది. సర్‌ప్రైజ్ ఇవ్వాలని మరీ ఉబలాటంగా ఉంటే హోటల్ రూమ్‌లో కేక్ పెట్టించండి. తేదీ, ఊరు మాత్రం సర్‌ప్రైజ్‌గా ఉంచొద్దు. పెద్దవాళ్లకు ఎదురుచూడటంలోనే సగం సంతోషం ఉంటది. పక్కింటి వాళ్లకు "మేం ఫలానా రోజు పోతున్నం" అని నెల ముందు నుంచే చెప్పుకోనివ్వండి.

సో, ఈ వీడియో ఆపాక ఊళ్లు వెతకొద్దు. ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి, కోరిక, తేదీ, ఓపిక, డబ్బు అని రాయండి. మొదటి గడి నింపడానికి ఈరోజే వంటింట్లోకి వెళ్లి, ఉల్లిగడ్డలు కోస్తూ ఒక్క చిన్న ప్రశ్న అడగండి. "ఏం వద్దు బిడ్డా" అంటే రేపు ఇంకొకటి అడగండి. జవాబు వస్తది, కొంచెం టైమ్ పడతది అంతే.

మీ అమ్మానాన్నలు ఏం చెప్పారో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.